కలిమి, జాతి, ఆడవారి బరువు

1950ల మధ్యలో న్యూయార్క్ నగరంలోని మన్‌హాటన్ నడిబొడ్డున నివసించే 1,660 మంది పెద్దలను ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నించిన సర్వే ఒకటి ఉంది. మనుషుల మానసిక ఆరోగ్యానికీ వారి సామాజిక స్థితికీ ఉన్న సంబంధం తెలుసుకోవడమే దాని అసలు ఉద్దేశం. బరువు గురించిన వివరాలు అందులో ఒక మూల ఉండిపోయాయి. ఆ వివరాలను తర్వాత ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు తీసి చూసినప్పుడు, దిగువ సామాజిక అంతస్తు స్త్రీలలో 30 శాతం, మధ్య అంతస్తులో 16 శాతం, పై అంతస్తులో 5 శాతం స్థూలకాయులని తేలింది. అంటే అడుగు మెట్టుకూ పై మెట్టుకూ మధ్య ఆరింతల తేడా. మగవారిలో తేడా ఉన్నా ఇంత లేదు. 1965లో ఈ ఫలితాలు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చేనాటికి, స్థూలకాయమంటే మనసును అదుపులో పెట్టుకోలేనివారి జబ్బు అనే అభిప్రాయం వైద్యుల్లో బలంగా ఉండేది. నగరంలో ఏ మెట్టు మీద నిలబడ్డామన్నది నడుము కొలతను ఇంతగా నిర్ణయిస్తున్నదంటే, ఆ అభిప్రాయాన్ని పట్టుకుని వేలాడడం కష్టం.

ఆ పరిశీలనలో నాకు ఎక్కువ విలువైనదిగా కనిపించేది ఆరింతల లెక్క కాదు. వారు ఆ స్త్రీల ప్రస్తుత స్థితితో ఆగకుండా, వారి తల్లిదండ్రుల స్థితిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. లావుగా ఉన్నందువల్ల మంచి ఉద్యోగమో, మంచి సంబంధమో దొరకక ఒక స్త్రీ పేదరికంలోకి జారిందని వాదించవచ్చు గాని, ఆమె లావు వల్ల ఆమె తండ్రి పేదవాడయ్యాడని ఎవరూ అనలేరు. పుట్టింటి స్థితి కూడా బరువుతో దాదాపు అంత గట్టిగానే ముడిపడి ఉందని తేలడంతో, కారణం ఏదో, ఫలితం ఏదో అన్న చిక్కుముడిలో ఒక పోగైనా విడిపోయింది.

ఇరవై ఏళ్ళకు పైగా గడిచాక, 1989లో, జెఫ్రీ సోబల్, స్టంకార్డ్ కలిసి అప్పటివరకు వెలువడిన 144 అధ్యయనాలను ఒకచోట చేర్చి చదివారు. సంపన్న దేశాల్లో కలిమి పెరిగేకొద్దీ స్త్రీల బరువు తగ్గుతుందని, పేద దేశాల్లో కలిమి పెరిగేకొద్దీ బరువు పెరుగుతుందని, సంపన్న దేశాల మగవారి విషయంలో, పిల్లల విషయంలో మాత్రం ఇంత స్పష్టత లేదని అందులో తేలింది. రెండో మాట మనకు ఎవరూ చెప్పనవసరం లేదు. పెళ్ళయిన ఏడాదికి పుట్టింటికి వచ్చిన పిల్ల కాస్త ఒళ్ళు చేసి కనిపిస్తే అత్తింట్లో సుఖపడుతోందని తల్లి సంబరపడడం, చిక్కిపోయి కనిపిస్తే కంటతడి పెట్టడం మన ఇళ్ళలో చూసినవే. నాట్లు వేసి, కలుపు తీసి, నీళ్ళు మోసి, మిగిలినది ఆఖర్న తినే మనిషికి లావు కావడం చేతకాని పని.

అయితే ఈ రెండు వాక్యాలను సూత్రాలుగా కంఠస్థం చేస్తే చాలదు. సంపన్న దేశమని చెప్పుకునే అమెరికాలోనే ఈ సంబంధం అన్ని జాతుల స్త్రీలలో ఒక్కలా లేదు. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

ముందు కొలమానం. బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. అది 30 దాటితే అమెరికా లెక్కల్లో స్థూలకాయం. అయిదడుగుల రెండంగుళాల ఎత్తున్న స్త్రీకి ఆ గీత సుమారు 74 కిలోల దగ్గర పడుతుంది. 2017-18 జాతీయ ఆరోగ్య, పోషకాహార పరీక్షల సర్వే ప్రకారం ఆ గీత దాటినవారు నల్లజాతి స్త్రీలలో 56.9 శాతం, హిస్పానిక్ (అంటే లాటిన్ అమెరికా వంటి స్పానిష్ భాషా ప్రాంతాల మూలాలున్న) స్త్రీలలో 43.7 శాతం, శ్వేతజాతి స్త్రీలలో 39.8 శాతం, ఆసియా మూలాలున్న స్త్రీలలో 17.2 శాతం. ఇవి ఎవరో ఫోనులో చెప్పిన బరువులు కావు. ఊరూరా తిరిగే పరీక్షా వాహనాల్లో మనుషులను నిలబెట్టి తూచినవి.

ఇప్పుడు వీటిని ఆదాయం ప్రకారం విడదీద్దాం. అమెరికా ప్రభుత్వ గణాంకవేత్తలు కుటుంబ ఆదాయాన్ని దారిద్ర్యరేఖతో పోల్చి మూడు అంతస్తులుగా చూస్తారు. రేఖకు 130 శాతం లోపు ఉన్నవారు అడుగున ఉంటారు. ఆహార సహాయ పథకానికి అర్హత గీసే గీత కూడా దాదాపు అదే. 350 శాతం, ఆపైన ఉన్నవారు పైన ఉంటారు. 2008లో నలుగురున్న కుటుంబానికి ఈ రెండు గీతలు ఏడాదికి సుమారు 29 వేల డాలర్లు, 77 వేల డాలర్లు. 2005-08 లెక్కల్లో అడుగు అంతస్తు స్త్రీలలో 42 శాతం, పై అంతస్తు స్త్రీలలో 29 శాతం స్థూలకాయులు. శ్వేతజాతి స్త్రీలను మాత్రమే చూస్తే 39.2, 27.5. నల్లజాతి, మెక్సికన్ అమెరికన్ స్త్రీలలోనూ మొగ్గు అటువైపే ఉన్నా, గణాంక శాస్త్రం ఒప్పుకునేంత గట్టిగా లేదు. 2011-14 లెక్కలు వచ్చేసరికి శ్వేతజాతి, హిస్పానిక్, ఆసియా స్త్రీలలో పై అంతస్తు వారి బరువు తక్కువని స్పష్టంగా తేలింది. నల్లజాతి స్త్రీలలో మాత్రం ఆదాయం పెరిగినా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మగవారి లెక్క మరీ విడ్డూరంగా ఉంటుంది. 2005-08లో నల్లజాతి మగవారిలో అడుగు అంతస్తున 28.5 శాతం స్థూలకాయులైతే, పై అంతస్తున 44.5 శాతం. ఒకే దేశంలో, ఒకే ఇంట్లో, భార్యకు ఒక దిశలోనూ భర్తకు మరో దిశలోనూ నడిచే సంబంధాన్ని ‘పేదలు చవకబారు తిండి తింటారు కాబట్టి’ అనే ఒక్క వాక్యంతో ముగించడం కుదరదు.

నల్లజాతి స్త్రీల విషయంలో అందరి నోటా సిద్ధంగా ఉండే సమాధానం సంస్కృతి. వారి సమాజంలో నిండైన శరీరాన్ని ఇష్టపడతారని, సన్నబడాలన్న ఒత్తిడి తక్కువని అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. బరువు విషయంలో తమను తాము తక్కువగా చూసుకోవడం నల్లజాతి స్త్రీలలో తక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి. కాని ఈ సమాధానం మీద నాకు ఎప్పుడూ ఒక అనుమానం ఉంటుంది. ఏ సమూహం గురించి మనకు తక్కువ తెలుసో, ఆ సమూహానికే మనం సంస్కృతిని అంటగడతాం. తెల్లవారు సన్నబడితే అది ఆరోగ్య స్పృహ, నల్లవారు సన్నబడకపోతే అది సంస్కృతి అవుతుంది.

సంస్కృతి అనే పెద్ద మాటను పక్కనపెట్టి దగ్గరకు వెళ్ళి చూస్తే కనిపించేవి వేరు. 2011లో అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న రెజీనా బెంజమిన్, స్వయంగా నల్లజాతి వైద్యురాలు, అట్లాంటాలో జరిగిన కేశాలంకరణ నిపుణుల సమ్మేళనానికి వెళ్ళి, జుట్టు పాడవుతుందని స్త్రీలు వ్యాయామం మానుకోవడం గురించి మాట్లాడారు. దేశపు అగ్రశ్రేణి వైద్యురాలికి జుట్టుతో పనేమిటని కొందరు వెక్కిరించారు. ఉంగరాల జుట్టును వేడితోనో, రసాయనాలతోనో సాఫీ చేయించుకోవడానికి గంటల సమయం, చెప్పుకోదగ్గ సొమ్ము అవుతాయి. చెమట పట్టిందంటే ఆ శ్రమంతా అరగంటలో నీరుగారిపోతుంది. ఆ తర్వాతి ఏడాది చర్మవైద్య పత్రికలో వచ్చిన చిన్న అధ్యయనంలో 103 మంది నల్లజాతి స్త్రీలను అడిగితే, పదిమందిలో దాదాపు నలుగురు జుట్టు కారణంగా ఒక్కోసారి వ్యాయామం మానుకుంటామని చెప్పారు. దీన్ని అలంకార ప్రీతి అని కొట్టిపారేయడానికి వీల్లేదు. సాఫీ జుట్టు లేకపోతే ఆఫీసులో ‘పద్ధతిగా’ లేరని అనిపించుకునే చోట, పెద్ద జీతం ఉన్న నల్లజాతి స్త్రీకి ఆ జుట్టు ఉద్యోగ దుస్తుల్లో భాగం. అంటే ఆదాయం పెరిగేకొద్దీ ఈ చిక్కు తగ్గడం అటుంచి పెరిగే అవకాశమే ఉంది.

అసలు ఆదాయం అనే కొలత మీదే నాకు పెద్ద అభ్యంతరం. ఏడాది జీతం సమానంగా ఉన్న రెండు కుటుంబాల స్థితి సమానమని అనుకోవడం పొరపాటు. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ చేసిన 2019 సర్వే ప్రకారం శ్వేతజాతి కుటుంబపు మధ్యస్థ ఆస్తి 1,88,200 డాలర్లు. నల్లజాతి కుటుంబానిది 24,100 డాలర్లు. జీతంలో ఇంత తేడా లేదు. జీతం సమానమైనా, ఒకరికి తాతల నాటి ఇల్లు, ఆపదలో చేయి చాచడానికి పుట్టిల్లు ఉంటాయి. మరొకరు ఆ జీతంలోంచే తల్లికి మందులు, తమ్ముడికి కాలేజీ ఫీజు చూడాలి. 1930ల నుంచి నల్లవారి పేటలను పటాల మీద ఎర్ర రంగుతో గుర్తించి ఇంటి అప్పులు నిరాకరించిన చరిత్ర వల్ల, మంచి సంపాదన ఉన్న నల్లజాతి కుటుంబం కూడా చాలాసార్లు తనకన్నా తక్కువ ఆదాయమున్న శ్వేతజాతి కుటుంబం నివసించే పేట కన్నా పేద పేటలో నివసిస్తుంది. డాలరు విలువ బ్యాంకులో ఒక్కటే. దాంతో కొనగలిగే వీధి, నిద్ర, తీరిక మాత్రం ఒక్కటి కావు.

వీధికి ఇంత బలం ఉందా అని అడిగేవారికి చూపించడానికి ఒక అరుదైన ప్రయోగం ఉంది. 1994 నుంచి 1998 వరకు అమెరికా గృహనిర్మాణ శాఖ బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజిలిస్, న్యూయార్క్ నగరాల్లో, కటిక పేద పేటల్లోని ప్రభుత్వ గృహాల్లో పిల్లలతో నివసిస్తున్న 4,498 మంది స్త్రీలను లాటరీ పద్ధతిలో మూడు జట్లుగా విడదీసింది. మొదటి జట్టుకు అద్దె వోచర్లు ఇచ్చి, పేదరికం 10 శాతం లోపు ఉన్న పేటల్లోనే ఇల్లు తీసుకోవాలని షరతు పెట్టింది. రెండో జట్టుకు షరతు లేని వోచర్లు ఇచ్చింది. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. ఆ స్త్రీలలో అత్యధికులు నల్లజాతి, హిస్పానిక్ స్త్రీలు. మొదటి జట్టులో వోచరు అందినవారిలో దాదాపు సగం మందే దాన్ని వాడుకుని ఇల్లు మారగలిగారు.

పది, పదిహేనేళ్ళ తర్వాత, 2008-10లో, వారి ఇళ్ళకు వెళ్ళి ఎత్తు, బరువు కొలిచి, రక్తం తీసి పరీక్షించారు. ఏమీ అందని జట్టులో బీఎంఐ 35 దాటినవారు 35.5 శాతం ఉండగా, మొదటి జట్టులో ఆ లెక్క 4.6 పాయింట్లు తక్కువగా ఉంది. 40 దాటినవారి లెక్క 3.4 పాయింట్లు తక్కువ. మధుమేహాన్ని సూచించే స్థాయిలో గ్లైకేటెడ్ హీమోగ్లోబిన్ ఉన్నవారు 4.3 పాయింట్లు తక్కువ. 30 గీత దగ్గర మాత్రం తేడా నిలబడలేదు. లాభమంతా బాగా లావైనవారిలోనే కనిపించింది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఇల్లు మారినందువల్ల ఈ స్త్రీల సంపాదన పెరగలేదు, ఉద్యోగాలు మెరుగుపడలేదు. ఎవరూ వారికి ఆహార నియమాలు బోధించలేదు, వ్యాయామం చేయించలేదు. వారిలో చాలామంది ఇల్లు మారడానికి చెప్పిన ముఖ్య కారణం ఆరోగ్యం కూడా కాదు, రౌడీ ముఠాల నుంచి, మత్తుమందుల నుంచి పిల్లలను దూరం చేయడం. తుపాకుల భయం లేని వీధిలో సాయంత్రం నడవగలగడం, రాత్రి కంటినిండా నిద్రపోవడం ఏ సర్వే ఫారంలోనూ ఆదాయం గడిలోకి రావు.

శ్వేతజాతి స్త్రీలలో కలిమికీ సన్నదనానికీ ముడి ఎందుకంత బిగుసుకుందో చెప్పే ఆధారం మరోవైపు నుంచి వస్తుంది. అక్కడ డబ్బు బరువును తగ్గించడమే కాదు, బరువు డబ్బును తగ్గిస్తుంది. 2004లో జాన్ కాలీ అనే ఆర్థికవేత్త, ఏళ్ళ తరబడి అనుసరించిన వేలాదిమంది యువతీయువకుల వివరాలను పరిశీలించి, శ్వేతజాతి స్త్రీలలో సుమారు 65 పౌన్ల, అంటే దాదాపు 30 కిలోల బరువు తేడాకు జీతంలో 9 శాతం కోత పడుతున్నదని చూపించారు. అది ఒకటిన్నర ఏళ్ళ చదువుకో, మూడేళ్ళ ఉద్యోగానుభవానికో సమానం. నల్లజాతి, హిస్పానిక్ స్త్రీలలో అలాంటి గట్టి ఆధారం ఆయనకు దొరకలేదు. దానికి ముందు 1993లో న్యూ ఇంగ్లాండ్ వైద్య పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం, పదహారు నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసులో అధిక బరువున్న అమ్మాయిలు ఏడేళ్ళ తర్వాత చూస్తే పెళ్ళిళ్ళలో, చదువులో, కుటుంబ ఆదాయంలో తోటివారికన్నా వెనకబడి ఉన్నారు. దీర్ఘకాలిక జబ్బులున్న యువత మీద కూడా అంత దెబ్బ పడలేదు. కనుక శ్వేతజాతి స్త్రీకి సన్నగా ఉండడమంటే జీతంలోనూ పెళ్ళిలోనూ చెల్లుబాటయ్యే ఒక ఆస్తి. నల్లజాతి స్త్రీకి సంతలో ధర కట్టేది ముందుగా చర్మం రంగును చూసి కాబట్టి, సన్నబడినందుకు ఆమెకు అదనంగా చెల్లించేవారు లేరు. ఇది గణాంకాలు నేరుగా చెప్పిన మాట కాదు, నా అభిప్రాయం.

చదువు సంగతి ఆదాయం కన్నా కొంత భిన్నం. 2011-14 లెక్కల్లోనే కాలేజీ పట్టా ఉన్న నల్లజాతి స్త్రీలలో స్థూలకాయం చదువు తక్కువైనవారికన్నా తక్కువగా ఉంది. ఆదాయం చేయలేని పనిని చదువు కొంత చేసిందన్నమాట. ఆసియా స్త్రీలలో ఆదాయం తేడా చూపింది గాని చదువు చూపలేదు.

వలసవచ్చినవారిలో కాలం చేసిన మార్పు ఇంకా ఆసక్తికరమైనది. మన్‌హాటన్ సర్వే నాటికి వలసవచ్చినవారంటే ప్రధానంగా ఐరోపావారు. వారిలో మొదటి తరం స్త్రీలలో 24 శాతం స్థూలకాయులు కాగా, నాలుగో తరానికి అది 5 శాతానికి పడిపోయింది. అమెరికాలో కుదురుకోవడమంటే అప్పట్లో సన్నబడడం. తర్వాతి కాలంలో మెక్సికో నుంచి, ఆసియా నుంచి వచ్చినవారిలో కథ తిరగబడింది. దేశంలో గడిపిన ఏళ్ళు పెరిగేకొద్దీ, అక్కడే పుట్టిన తరం వచ్చేకొద్దీ బరువు పెరుగుతోంది. పాత వలసవారు మెట్లెక్కి శ్వేతజాతి మధ్యతరగతిలో కలిసిపోగలిగారు. కొత్తవారిలో అందరికీ ఆ మెట్లు అందుబాటులో లేవు, మారిపోయిన తిండి మాత్రం అందరికీ అందింది.

ఆసియా స్త్రీల 17.2 శాతం చూసి మనవాళ్ళు సంతోషించడానికి ఏమీ లేదు. మన శరీరాల్లో అదే బీఎంఐ దగ్గర కొవ్వు వాటా ఎక్కువ, కండ తక్కువ, కొవ్వు చేరే చోటు కూడా పొట్ట. 2004లో పూణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఆసియావారికి 23 నుంచే ముప్పు మొదలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు అదే ఏడాది చెప్పారు. ఇందాకటి అయిదడుగుల రెండంగుళాల స్త్రీకి అది 74 కాదు, 57 కిలోలు.

న్యూజెర్సీలో ఉంటున్న మా పెద్దమ్మ కూతురికి తోడుగా వార్షిక పరీక్షకు వెళ్ళినప్పుడు వారిచ్చిన కాగితం మీద బీఎంఐ 24.1 అని, దాని పక్కన ‘సాధారణం’ అని అచ్చయి ఉంది. ఇంటికొచ్చాక కుట్టుపని టేపు తీసి చూస్తే నడుము 34 అంగుళాలు. అమెరికా కొలత ప్రకారం స్త్రీకి 35 వరకు ఫరవాలేదు. మనకు నిర్ణయించిన 80 సెంటీమీటర్లు అంటే ముప్పై ఒకటిన్నర. ‘నార్మల్ అని రాశారు కదే, మళ్ళీ నువ్వెందుకు కొలుస్తావు’ అని అక్క టేపు లాక్కుంది. ఆసియా మూలాలున్నవారికి 23 నుంచే మధుమేహ పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే సూచించిందని చెప్పాక తర్వాతి పరీక్షలో షుగరు కూడా చూడమని తానే అడిగింది.

అక్క లెక్కల్లో ఏ అంతస్తులో పడుతుందన్నది నాకు ఆసక్తి కలిగించే మరో ప్రశ్న. బావగారి జీతంతో ఆ కుటుంబం పై అంతస్తులో ఉంటుంది. ఉద్యోగ వీసా ఉన్నవారి జీవిత భాగస్వాములకిచ్చే హెచ్ ఫోర్ వీసా మీద వెళ్ళిన ఆమెకు మాత్రం, ఎంటెక్ చదివి కూడా, 2015లో నిబంధన మారేదాకా రూపాయి సంపాదించే హక్కు లేదు. భర్త తీసుకువెళ్తే తప్ప గడప దాటడానికి దారి లేని శివారు ఇంట్లో, పసిపిల్లలతో గడిపిన ఆ ఏళ్ళను కుటుంబ ఆదాయం అనే గడి చూపించదు. సర్వేల్లో ‘ఆసియా’ అనే ఒక్క పేరు కింద చైనా, ఫిలిప్పీన్స్, వియత్నాం, భారతదేశపు స్త్రీలందరినీ కలిపేయడం వల్ల తెలుగువారి సంగతి అసలే కనబడదు.

ఇక తెలుగునాట, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బీఎంఐ 25 దాటిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం, దేశం మొత్తం మీద 24 శాతం. 2005-06లో దేశపు లెక్క 12.6 మాత్రమే. ఇప్పటికీ మనదేశంలో కలవారి స్త్రీలే ఎక్కువ బరువున్నారు. కాని దేశ ఆదాయం పెరిగేకొద్దీ ఈ భారం మొదట స్త్రీలలో, కలవారి నుంచి లేనివారి వైపు జరుగుతుందని బ్రెజిల్ పరిశోధకుడు కార్లోస్ మాంటేరో, ఆయన సహచరులు 2004లో చూపించారు. ఆ జరగడం మనదగ్గర మొదలైందో లేదో తేల్చడానికి రాష్ట్ర సగటు పనికిరాదు. ఆంధ్రప్రదేశ్‌లో అదే సర్వేలో 14.8 శాతం స్త్రీలు ఉండవలసినదానికన్నా తక్కువ బరువున్నారు, సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఏజెన్సీ గిరిజన స్త్రీనీ విజయవాడ అపార్టుమెంటు గృహిణినీ ఆ అపార్టుమెంటులో అంట్లు తోమే స్త్రీనీ విడివిడిగా తూచి, వారి ఇంటి ఆదాయంతో పాటు వారి చేతికి వచ్చే డబ్బెంతో, వారు రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతారో కూడా అడిగితే తప్ప, మన్‌హాటన్‌లో డెబ్బై ఏళ్ళ క్రితం వేసిన ప్రశ్నకు మన సమాధానం దొరకదు.